గరిటె పట్టిన శనివారం

నరసరావుపేట కాలేజీ ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా వచ్చేనాటికి దయామణికి హాస్టలంటే ఏమిటో తెలియదు. తనెన్నడూ హాస్టల్లో ఉండి చదువుకోలేదు. నకరికల్లు మిషను బడిలో ఎనిమిదో తరగతి, ఆ పైన టీచరు ట్రైనింగు, అక్కడితో చదువు ఆగింది. గుంటూరు పంపి పై చదువు చెప్పిస్తామని బడి పెద్దలు అన్నారు గానీ, ఆ ఏడే తమ్ముడికి జబ్బు చేసి ఇంట్లో మనిషి కావలసివచ్చింది. తరవాత గురజాల చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకు చదువు చెప్పింది. పెళ్లయింది. భర్త ఐజాక్ సాగరు డ్యాము పనుల్లో స్టోరుకీపరు. వారానికోసారి మాచర్ల నుంచి బస్సులో వచ్చి, ఆదివారం గుడికి వెళ్లి, సోమవారం తెల్లవారి పోతాడు.

వార్డెను పని ఖాళీగా ఉందన్న కబురు మోసుకొచ్చింది కూడా అతనే.

"వారంలో ఆర్రోజులు నీ నోటికి పనిలేకపోయె. ఆ పిల్లల కాపలా అన్నా కాయరాదంటే" అన్నాడు.

"నా నోటికి పనిలేదని నువ్వెట్టా చెప్తావయ్యా? ఆ ఆర్రోజులు నువ్వుంటివా వినటానికి" అంది దయామణి. అన్నదే గాని, మర్నాడే అర్జీ పెట్టింది.

హాస్టలంటే స్టేషను రోడ్డులో అద్దెకు తీసుకున్న డాబా ఇల్లు. వెనక నుయ్యి, పక్కన వంటపాక. శావల్యాపురం రైతుల పిల్లలు, మాచర్ల దుకాణదారుల పిల్లలు, నకరికల్లు మాలపల్లె నుంచి వచ్చినవాళ్లు, పాస్టర్ల పిల్లలు, అందరూ ఆ ఇంట్లోనే. మొదటి నెల తగువులతోనే గడిచింది. చేద దగ్గర తగువు, దండెం మీద తావు కోసం తగువు, మజ్జిగ పలచనైందని తగువు. మాచర్ల పిల్లలకు కూరలో కారం చాలదు. శావల్యాపురం పిల్లలకు అదే కూర నోట పెడితే కళ్లవెంట నీళ్లు. వీళ్ల సూటిపోటి మాటలు పడలేక వంటమనిషి ఒక పొద్దున చీర కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

దయామణి ఇంకో వంటమనిషిని వెతకలేదు. పిల్లలకే వంతులు వేసింది. వారానికి కొందరు. కూరగాయలు తేవటం, వండటం, వడ్డించటం, అన్నీ వాళ్లే. కారం సంగతి అప్పుడు కొంత సర్దుకుంది. వండినవాళ్లను తిడితే వచ్చే వారం తమను తిడతారని అందరికీ తెలిసిపోయింది.

మిగిలిన తగువుల కోసం ఆమె తన తండ్రి పద్ధతి తీసింది. ఇన్నయ్య కూలి మనిషే గానీ పల్లెలో ఎవరికి మాటామాటా వచ్చినా ఆయన్నే పిలిచేవారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. తగువు తెచ్చినవాడు ముందు అవతలివాడి తరఫున మాట్లాడాలి. "అవును, నా మనసులో మాట ఇదే" అని అవతలివాడు ఒప్పుకున్నాకే సొంత మాట ఎత్తాలి. తరవాత రెండోవాడూ అంతే. కొన్ని తగువులు ఆ మాటల్లోనే కరిగిపోయేవి. ఎదుటివాడి మాట ఎంతకీ నోటికి రాక కొందరు తిట్టుకుంటూ ఇళ్లకు పోయేవారు. అలసిపోయి పడుకుంటారు గదా, అదీ తీరటమే అనేవాడు ఇన్నయ్య.

దయామణి ప్రతి శనివారం సాయంత్రం హాస్టలు వసారాలో ఆ కూటం పెట్టించింది. పెద్ద పప్పుగరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే ఆ పూట తీర్పు. కిందటి వారం అందరికన్నా తక్కువ మాట్లాడిన పిల్లకు గరిటె ఇవ్వాలి. ఈ రెండో నియమం ఇన్నయ్యది కాదు, దయామణిది. నలుగురిలో నోరు విప్పలేని పిల్ల మనసులో ఎంత ఉంటుందో ఆమెకు తెలుసు.

ఇలా రెండేళ్లు నడిచింది. అరవై నాలుగో సంవత్సరం మాఘమాసంలో ఆంజనేయులు వచ్చాడు.

ఆయన శావల్యాపురంలో పెద్ద రైతు. కాలేజీ కమిటీలో మెంబరు. కూతురు హనుమాయమ్మ బి.ఏ. రెండో ఏడు చదువుతూ హాస్టల్లోనే ఉంది. పిల్లను చూసిపోదామని, హాస్టలుకు ఒక బస్తా ఎండుమిరపకాయలు బండిలో వేసుకుని వచ్చేసరికి, హనుమాయమ్మ వంటపాక ముందు పీటమీద కూర్చుని కళ్లు తుడుచుకుంటూ కనబడింది.

"ఏమ్మా, ఎందుకేడుస్తన్నావు? ఎవురేమన్నారు?"

"ఏడవటంలా నాన్నా. ఉల్లిపాయలు."

ఏడుపైతే ఆయన ఓదార్చేవాడే. ఉల్లిపాయలని తెలిసేసరికి కోపం వచ్చింది. "పంతులమ్మా" అని కేకవేశాడు. దయామణి వచ్చి నిలబడింది.

"మా పిల్లను చదువుకి పంపామా, ఉల్లిపాయలు తరగటానికి పంపామా? ఉల్లిపాయలు తరగటం మా ఇంట్లో నేర్పలేమా మేం? హోటలు బ్రహ్మయ్య మూడుపూటలా వండి పెడతానని ఎప్పట్నుంచో అడగతన్నాడు. ఇంక ఈ వంతులూ, ఈ కూటాలూ ఎందుకంట?"

దయామణికి జవాబు లేక కాదు. పెద్దమనుషులు గట్టిగా మాట్లాడితే ఆమె మాటలు గొంతులోనే కూర్చుంటాయి, చిన్నప్పటినుంచీ అంతే.

సంగతి కమిటీ దాకా వెళ్లింది. కాలేజీ పాఠాలు కాక హాస్టళ్లలో, ఆటల్లో, సంఘాల్లో పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో చూడటానికి యూనివర్సిటీ నుంచి ధనుంజయరావు అనే ఆయన కాలేజీలన్నీ తిరుగుతున్నాడు. పేటకూ రాబోతున్నాడు. ఆయన చూసి, పిల్లలు ఏదైనా నేర్చుకుంటున్నారంటే వంతులు ఉంచుదాం, లేదంటే బ్రహ్మయ్యకు ఇచ్చేద్దాం అని తేల్చారు. ప్రిన్సిపాలుగారు దయామణిని పిలిచి ఆ మాటే చెప్పారు.

ఆమె హాస్టలుకు తిరిగొస్తూ దారి పొడుగునా ఆలోచించింది. పిల్లలు ఏం నేర్చుకున్నారు? నేర్చుకున్నారని ఆమెకు తెలుసు. చూపించమంటే ఎట్లా? లెక్కయితే పలక మీద చేసి చూపించవచ్చు. ఇది ఏ పలక మీద చేస్తారు?

చిన్న బళ్లలో పన్నెండేళ్లు పనిచేసిన మనిషికి ఇన్స్పెక్షన్ అనేసరికి ఏం తోస్తుందో దయామణికీ అదే తోచింది. ఆ రాత్రే కూర్చుని, హాస్టలు వల్ల కలిగే లాభాలని ఆరు మాటలు తయారుచేసింది. శుభ్రత, పొదుపు, ఓర్పు, ఐకమత్యం, ఇట్లా. ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ పెట్టింది. పిల్లలందరిచేతా రోజూ ఉదయం నుంచోబెట్టి వల్లె వేయించింది. అందరూ ఆ రోజుకు ఉతికిన చీరలు కట్టుకోవాలంది. ఆయన వచ్చేది శనివారం. పైవాళ్ల ముందు తగువులు బయటపడితే పరువు పోతుందని ఆ వారం కూటం మానుకోమంది. నమ్మకం చాలక, పప్పుగరిటెను తన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"పప్పు దేంతో వడ్డించమంటారు టీచరుగారూ?" అని అడిగింది ఖదీజా. మాచర్లలో చెప్పుల దుకాణం సుభానీ కూతురు. ఆ వారం వంట వంతు ఆమెదే.

"చెంచాతో వడ్డించవే. ఒక్కపూటకి ఏం కాదు" అంది దయామణి.

శనివారం మధ్యాహ్నం ధనుంజయరావు వచ్చాడు. బట్టతల, కళ్లజోడు, నెమ్మదైన మనిషి. పక్కన ఆంజనేయులు. వసారాలో కుర్చీలు వేశారు. పిల్లలు వరసగా నిలబడ్డారు.

"హాస్టలుకొచ్చాక ఏం నేర్చుకున్నావమ్మా?" అని మొదటి పిల్లను అడిగాడాయన.

"హాస్టలు వలన మేము శుభ్రత నేర్చుకుంటిమి. ఉదాహరణకు నేను ఇక్కడికి రాకముందు చీపురు పట్టి ఎరుగను."

బాగుందన్నాడు. రెండో పిల్లను అడిగాడు. ఆమె కూడా రాకముందు చీపురు పట్టి ఎరుగదు. మూడో పిల్లా ఎరుగదు. దయామణికి అప్పుడు తన తప్పు తెలిసింది. ఆరు మాటలూ వరసలో పంచాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. ఎవరిని అడిగినా మొదటినుంచే మొదలుపెడతారు గదా.

నాలుగో పిల్ల దేవమ్మ. నకరికల్లు పల్లె నుంచి వచ్చింది. మాట నోట్లోంచి రావటానికి సేపు పడుతుంది. వల్లె వేసిన పాఠం మాత్రం గడగడా వచ్చింది. "ఉదాహరణకు నేను ఇక్కడికి రాకముందు చీపురు పట్టి ఎరుగను."

"మీ ఇంట్లో ఎవరు ఊడుస్తారమ్మా?" అన్నాడాయన మెల్లగా.

దేవమ్మ ఒక క్షణం ఆలోచించింది. అబద్ధం ఆడటం ఆమెకు రాదు. "నేనేనండి. మా అమ్మ పొలం పోద్ది."

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. ఆంజనేయులు మీసం సవరించుకున్నాడు. ధనుంజయరావు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ దయామణి వైపు తిరిగాడు.

"అమ్మా, అందరూ ఒకే మాట చెప్పారు. కష్టపడి నేర్పారు, తెలుస్తూనే ఉంది. కానీ ఇది మీరు నేర్పింది. హాస్టలు నేర్పింది ఏదో నాకు కనబడలేదు."

ఆమె తల వంచుకుంది. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. సాయంత్రం బండికి ఇంకా సమయం ఉంది. టీ తాగి వెళ్దామని ఆయన కూర్చున్నాడు. ఆంజనేయులు ప్రశాంతంగా కాళ్లు చాపుకున్నాడు. హోటలు బ్రహ్మయ్య పొయ్యి అప్పటికే వెలిగినట్టుంది ఆయన మొహం చూస్తే.

అప్పుడు ఖదీజా డాబా మెట్లు దిగివచ్చింది. చేతిలో చేట. చేటలో మిరపకాయలు, నానిపోయి, తొడిమలు తీసిన చోట నల్లబడి. ముందురోజు సందె వేళ ఒక జల్లు పడింది. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవాలని డాబా మీద ఎండబోసిన ఆంజనేయులుగారి బస్తా కాయలవి. ఖదీజా అతిథుల్ని చూసింది. హనుమాయమ్మను చూసింది. నోరు గట్టిగా మూసుకుని దయామణి దగ్గరకు వచ్చింది.

"టీచరుగారూ, గరిటె ఇవ్వండి."

"ఇయ్యాల కాదే" అంది దయామణి గొంతు తగ్గించి.

"రేపటిదాకా ఆగితే నేను హనుమాయమ్మతో మాట్లాడను. ఇంక జన్మలో మాట్లాడను. ఇయ్యాలే కావాలి."

"గరిటె ఏమిటమ్మా?" అన్నాడు ధనుంజయరావు.

దయామణి ఆంజనేయులు వైపు చూసింది. ఖదీజా చేట వైపు చూసింది. పోయేది ఎట్లాగూ పోయింది, ఈ పిల్లల స్నేహం కూడా ఈ కాయల్లాగా నానబెట్టటమెందుకు అనిపించింది. లోపలికి వెళ్లి, ట్రంకు పెట్టె తెరిచి, గరిటె తెచ్చి దేవమ్మ చేతికిచ్చింది. కిందటి వారం అందరికన్నా తక్కువ మాట్లాడింది దేవమ్మే, అందుకని గరిటె వంతు ఆమెది. వంతు తప్పటానికి వీల్లేదు.

దేవమ్మ గడప మీద కూర్చుంది. గరిటె ఒళ్లో పెట్టుకుంది. పిల్లలు చుట్టూ చాపల మీద కూర్చున్నారు. వరసలూ లేవు, వల్లెవేసిన మొహాలూ లేవు.

"తగువు తెచ్చింది ఖదీజా" అంది దేవమ్మ చిన్నగా. "ఖదీజా, హనుమాయమ్మ తరఫున చెప్పు."

ఖదీజా ఊపిరి పీల్చుకుంది. "హనుమాయమ్మ అనేదేందంటే, ఆఫీసరుగారొస్తన్నారు, ఉతికిన చీరలు కట్టుకోమని టీచరుగారు చెప్పారు. అందరూ ఒక్కరోజే ఉతికారు. దండెం మీద బెత్తెడు తావు లేదు. అందుకని డాబా మీద మిరపకాయలు మెట్లగది చూరు కిందకి నెట్టి అక్కడ చీరలు ఆరేసింది. చూరు నీళ్లు పడతయ్యని తనకేం తెలుసు? వానొస్తదని కలగన్నదా?"

"అదే నా మాట" అంది హనుమాయమ్మ.

దయామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిరపకాయలు తడిపింది వాన కాదు, హనుమాయమ్మా కాదు, తన ఇన్స్పెక్షన్ హడావిడి.

"ఇప్పుడు హనుమాయమ్మ" అంది దేవమ్మ.

"ఖదీజా అనేదేందంటే, తనకి కారం లేకపోతే ముద్ద దిగదంట…"

"అది నా మాట కాదు" అంది ఖదీజా.

గరిటె గడప మీద టక్కుమంది. "మళ్లా చెప్పు."

"బస్తా కాయలు పాడైనయ్యని బాధపడతంది."

"అదీ కాదు."

ఆంజనేయులుకు చిరాకెత్తింది. "నా కాయలే గదా పోయింది. పోతే పోయినయ్, ఇంకో బస్తా పంపిస్తా. ఇంక లేవండి."

దేవమ్మ లేచి నిలబడింది. "మీరు కొంచెం ఆగాలండి. గరిటె నా కాడుంది."

శావల్యాపురంలో ఆయనకు ఆగమని చెప్పినవారు అప్పటిదాకా పుట్టలేదు. ఆశ్చర్యంతో ఆగాడు. ధనుంజయరావు టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"కాయలు పంపితే తీరేది కాదిది నాన్నా" అంది హనుమాయమ్మ. కాసేపు కాలి బొటనవేలితో చాప అంచు గీకుతూ కూర్చుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆమె గొంతు మారింది.

"ఖదీజా ఈ వారమంతా కూచుని బస్తా కాయలకీ తొడిమలు తీసింది. చేతులు మంటెత్తి పెరుగు పూసుకుంది. నేను కాయలు నెట్టేటప్పుడు తను బజారుకి పోయింది. ఒక్కమాట చెప్పుంటే తనే లోపలికి ఎత్తిపెట్టేది. నేను చెప్పలా. ఎందుకు చెప్పలా అంటే…" ఆగి తండ్రి వైపు ఒకసారి చూసింది. "మా నాన్న ఇచ్చిన కాయలు, నా ఇష్టం అనుకున్నా. ఖదీజాకి కోపం కాయలు తడిసినందుక్కాదు. తన కష్టం నాకు కనపడనందుకు."

ఖదీజా చేట కింద పెట్టింది.

"అవును. అదే నా మాట" అంది. "నాక్కూడా అంత బాగా చెప్పటం రాదు."

సొంత మాటలు చెప్పుకునే అవసరం ఇద్దరికీ రాలేదు. దేవమ్మ తీర్పు చెప్పింది. చెడిన కాయలు ఇద్దరూ కలిసి ఏరాలి. మంచివి మళ్లీ ఎండబెట్టాలి. కారం తక్కువైతే ఏడాదంతా మాచర్ల వాళ్లు సణగకూడదు. చివరి షరతుకు మాచర్ల పిల్లలు అప్పుడే సణిగారు.

ధనుంజయరావు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఈసారి ఆయన ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. "ఈ హనుమాయమ్మ వచ్చిన కొత్తలో ఎట్లా ఉండేదమ్మా?" అని ఖదీజాను అడిగాడు.

"మొదటి కూటంలో నా తరఫున చెప్పమంటే అన్నం మానేసి ముసుగు తన్ని పడుకుందండి. నేనూ అంతే. నేనైతే అన్నం తిని పడుకున్నా."

దేవమ్మ గురించి అడిగితే, మొదటి ఏడు గరిటె ఇస్తే తీసుకుని పొయ్యి వెనక దాక్కునేదని చెప్పారు. అందరూ ఇట్లాగే మారారా అని ఆయన దయామణిని అడిగాడు. పొద్దుటి దయామణి అయితే మారారనే చెప్పేది.

"లేదండీ" అంది. "ఒక పిల్లకి రెండేళ్లయినా ఎదుటోళ్ల మాట చెప్పమంటే ఏడుపొస్తది. ఇంకో పిల్ల బ్రహ్మాండంగా చెప్పుద్ది, చేసేది మళ్లా తనకి తోచిందే. అందరికీ ఒక్కతీరున అంటుకోదండీ."

"మంచిది. అదీ రాస్తాను. అందరూ మారారంటే మా వాళ్లు నమ్మరు" అని ఆయన ఆంజనేయులు వైపు తిరిగాడు. "ఇంటికొచ్చినప్పుడు మీ అమ్మాయిలో ఏమైనా తేడా చూశారా?"

ఆంజనేయులు తల గోక్కున్నాడు. "దసరాకొచ్చినప్పుడు వాళ్లమ్మకీ వదినకీ పడలా. ఈ పిల్ల మధ్యలో కూచుని ఏందో మాట్లాడిచ్చింది. సందేళకి అత్తాకోడళ్లిద్దరూ కలిసి చేగోడీలు వండారు. ఏ మందన్నా పెట్టిందేమో అనుకున్నా."

"మరి మీ పెద్దన్నయ్యకీ మనకీ గట్టు తగువుంది గదా నాన్నా" అంది హనుమాయమ్మ. "నేను పుట్టకముందు నించీ కోర్టులో నడస్తంది. పెదనాన్న తరఫున నువ్వొకసారి చెప్పు, విందాం."

"ఏమే, నన్ను కూచోబెడతావా?" అన్నాడాయన. కానీ పిల్లలంతా ఆయన్నే చూస్తున్నారు. యూనివర్సిటీ ఆయనా చూస్తున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "మా అన్న అనేదేందంటే… ఆ గట్టు మా తాత వేసిందంట… వాడు ఒట్టి అబద్ధాలకోరు…"

గరిటె టక్కుమంది. "అది ఆయన మాట కాదండి" అంది దేవమ్మ.

ముందు నవ్వింది ఆంజనేయులే. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వితే మిగతావాళ్లు నవ్వటానికి అడ్డమేముంది. తలపాగా సర్దుకుని లేస్తూ, "రెండేళ్లు ఉల్లిపాయలు తరిగితేగాని రాదేమో ఈ విద్య" అన్నాడు. "తరగనీండి పంతులమ్మా. కమిటీలో నేను చెప్తాలే."

చెప్పాడు కూడా. కమిటీలో ఆయన హోటలు బ్రహ్మయ్య తరఫున ముందు మాట్లాడి, తరవాత వంతుల తరఫున మాట్లాడాడని, వినేవాళ్లకు ఆయన ఎటువైపో చివరిదాకా అర్థం కాలేదని ప్రిన్సిపాలుగారు దయామణితో చెప్పి నవ్వారు. వంతులు నిలిచాయి. గట్టు తగువు మాత్రం కోర్టులోనే ఉంది. అయితే ఆ వేసవిలో అన్నదమ్ములిద్దరూ వాయిదాకు ఒకే బండిలో వచ్చారని హనుమాయమ్మ చెప్పింది.

వంతులు నిలిచిన మాట తెలిశాక వచ్చిన ఆదివారం ఐజాక్ పీట మీద కూర్చుని నిష్ఠూరం మొదలుపెట్టాడు. శనివారం రాత్రికే వద్దామంటే భార్యకు కూటం, వస్తే పలకరించే దిక్కు లేదు, అందుకే ఆదివారం తెల్లవారి బస్సులో నుంచుని రావలసివస్తోంది, ఇదేం కాపరం అని.

దయామణి వంటపాకలోకి వెళ్లి గరిటె తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"ముందు నా తరఫున చెప్పు."

ఐజాక్ చాలాసేపు ఆలోచించాడు. "దయామణి అనేదేందంటే, మా ఆయన చానా మంచోడు…"

దయామణి గరిటెతో పీటను టక్కుమని కొట్టింది.

"అది నా మాట కాదు. మళ్లా చెప్పు."